పద్దెనిమిది నెలల ఆనవాయితీ

2013 అక్టోబరు 31న గూగుల్ ఆండ్రాయిడ్ 4.4ను విడుదల చేసింది. గెలాక్సీ నెక్సస్ ఫోను చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం అది రాదని అప్పుడే తేలిపోయింది. ఆ ఫోను ఊరూ పేరూ లేని కంపెనీది కాదు. ఆండ్రాయిడ్ ఫోనంటే ఇలా ఉండాలని చూపించడానికి శాంసంగ్ చేత చేయించి గూగుల్ తానే మార్కెట్లోకి దించినది. 2011 నవంబరులో అమ్మకానికి వచ్చింది, ఇంకా రెండేళ్లు నిండలేదు. గూగుల్ చెప్పిన కారణం సూటిగానే ఉంది: తామూ తక్కిన కంపెనీలూ సంప్రదాయంగా అప్‌డేట్లు ఇచ్చే పద్దెనిమిది నెలల గడువు ఈ ఫోనుకు దాటిపోయింది. ఆ సంప్రదాయానికే అప్పటికి రెండున్నరేళ్ల వయసు నిండలేదు.

ఫోనుకు ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలన్న ప్రశ్న లేచినప్పుడల్లా కంపెనీల జవాబు సాంకేతిక భాషలోనే వస్తుంది: ప్రాసెసర్ మోయలేదు, మెమొరీ చాలదు, ఖర్చు గిట్టదు. పదిహేడు పద్దెనిమిదేళ్ల చరిత్ర తిరగేస్తే కనబడేది వేరు. పద్దెనిమిది నెలలు, రెండేళ్లు, మూడేళ్లు, ఏడేళ్లు అంటూ మారుతూ వచ్చిన ఈ అంకెలను ప్రధానంగా నిర్ణయించింది ఇంజనీర్లు కాదు. ఫోను డబ్బులు ఎవరు, ఎంతకాలం కడుతున్నారన్నదాన్ని బట్టి మొదటి అంకె పుట్టింది. ఆ ఏర్పాటు సడలిపోయాక కూడా అంకె అలాగే నిలిచింది. ఆ ఏర్పాటు దాదాపు లేని మన దేశానికి కూడా దిగుమతి అయింది. కాబట్టి ఎన్నేళ్లు అని అడిగే ముందు ఏ రోజు నుంచి లెక్క అని అడగాలి. మోడల్ విడుదలైన రోజు నుంచి కాక, కంపెనీ దాన్ని అమ్మడం మానేసిన రోజు నుంచి లెక్కపెట్టి కనీసం ఐదేళ్ల పాటు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలి, అదీ ఖరీదైన ఫోన్లకే పరిమితం కాకుండా. ఇదే న్యాయమైన గడువని ఈ చరిత్ర చదివితే నాకు తోస్తుంది.

మొదటి ఐఫోన్ 2007 జూన్ 29న అమెరికాలో వచ్చినప్పుడు, కొన్నవాడు ఏటీ అండ్ టీతో రెండేళ్ల ఒప్పందానికి ఒప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు అక్టోబరులో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోను, హెచ్‌టీసీ తయారుచేసిన టీ-మొబైల్ జీ1, 179 డాలర్లకు దొరికేది, అదీ రెండేళ్ల ఒప్పందం మీదే. ఫోను అసలు ధర అంతకంటే చాలా ఎక్కువ. మిగతాది నెట్‌వర్క్ కంపెనీ నెలనెలా బిల్లులో రాబట్టుకునేది. రెండేళ్లు కాగానే మరో ఒప్పందం, మరో ఫోను. ఈ పద్ధతిలో తయారీదారుకు అసలు గిరాకీ నెట్‌వర్క్ కంపెనీయే తప్ప ఫోను వాడేవాడు కాదు. పాత ఫోనుకు కొత్త ప్రాణం పోస్తే ఇద్దరికీ కలిసొచ్చేదేమీ లేదు. యాపిల్ మాత్రం మొదటి నుంచీ అప్‌డేట్ల పగ్గాలు తన చేతిలోనే ఉంచుకుని ఐట్యూన్స్ ద్వారా తానే పంపేది. అయినా మొదటి ఐఫోన్ 2010 ఫిబ్రవరిలో వచ్చిన 3.1.3 దగ్గర ఆగిపోయింది, జీ1 ఆండ్రాయిడ్ 1.6 దాటలేదు. ఆ రోజుల్లో హార్డ్‌వేర్ సాకు నిజమేనని ఒప్పుకోవాలి. జీ1లో ఉన్నది 192 ఎంబీ ర్యామ్, 256 ఎంబీ నిల్వ. ఏడాది తిరిగేసరికి ఫోను శక్తి రెట్టింపయ్యే కాలమది. కానీ అన్ని ఫోన్లూ ఆ కారణంతోనే వెనకబడలేదు. 2011 అక్టోబరులో మైకేల్ డెగుస్టా అనే అమెరికన్ తన దేశంలో 2010 మధ్య వరకు వచ్చిన 18 ఆండ్రాయిడ్ ఫోన్ల చరిత్రను ఒక పట్టికలో పెట్టి చూపించాడు. వాటిలో ఏడింటికి తాజా వెర్షన్ ఒక్కరోజు కూడా దక్కలేదు. పది ఫోన్లు రెండేళ్ల ఒప్పందం తీరకముందే కనీసం రెండు ప్రధాన వెర్షన్లు వెనకబడ్డాయి. ఫోను బాకీ తీరుతూనే ఉంది, ఫోను మాత్రం అప్పటికే పాతబడిపోయింది.

ఈ అప్రతిష్ఠ పెరుగుతున్న సమయంలోనే 2011 మే 10న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన గూగుల్ వార్షిక సభలో పద్దెనిమిది నెలల మాట పుట్టింది. శాంసంగ్, హెచ్‌టీసీ, ఎల్‌జీ, సోనీ ఎరిక్సన్, మోటరోలా వంటి తయారీదారులు, వెరైజాన్, ఏటీ అండ్ టీ, స్ప్రింట్, టీ-మొబైల్, వోడాఫోన్ వంటి నెట్‌వర్క్ కంపెనీలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. కొత్త ఫోను మొదట విడుదలైన నాటి నుంచి పద్దెనిమిది నెలల వరకు, హార్డ్‌వేర్ సహకరిస్తే, తాజా ఆండ్రాయిడ్ అందిస్తామన్నాయి. వాగ్దానం చేసిన వాళ్లలో సగం మంది నెట్‌వర్క్ కంపెనీలే కావడం గమనించదగ్గది. అంతకంటే గమనించదగ్గది, మొదలుపెట్టే తేదీని ఎవరూ చర్చించకుండానే అది విడుదల రోజుగా స్థిరపడిపోవడం. ఏడాది తరవాత ఆ ఫోను కొన్నవాడికి మిగిలేది ఆరు నెలలు. కూటమి సంగతి చూస్తే, మరుసటి ఏడు అదే సభలో దాని ఊసే రాలేదు. దాన్ని ముంచింది దురుద్దేశం ఒక్కటే కాదు, అప్‌డేట్ నడిచే దారి అలాంటిది. గూగుల్ కోడ్ విడుదల చేస్తుంది. చిప్ కంపెనీ తన చిప్‌కు తగిన డ్రైవర్లు కొత్త వెర్షన్ కోసం మళ్లీ సిద్ధం చేయాలి. ఫోను కంపెనీ తన హంగులు జోడించాలి. చివరికి నెట్‌వర్క్ కంపెనీ పరీక్షించి సరేననాలి. ఈ నలుగురిలో ఒకరు తప్పుకున్నా ఫోను అక్కడే నిలిచిపోతుంది. గెలాక్సీ నెక్సస్‌లో ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్, ఆ కంపెనీ 2012లోనే ఫోను చిప్‌ల వ్యాపారానికి స్వస్తి చెప్పింది. గూగుల్ సంప్రదాయం పేరు చెప్పింది గానీ, వెనక ఈ కథ కూడా ఉంది.

ఈ లెక్క భారతదేశానికి ఎలా వచ్చిందో చూస్తే విడ్డూరం అనిపిస్తుంది. 2008 ఆగస్టులో ఎయిర్‌టెల్, వోడాఫోన్ ఇక్కడ ఐఫోన్ 3జీ తెచ్చినప్పుడు 8 జీబీ ఫోను ధర 31,000 రూపాయలు. అమెరికాలో అదే ఫోను రెండేళ్ల ఒప్పందంతో 199 డాలర్లు. ఇక్కడ ఒప్పందాలు లేవు, ప్రీపెయిడ్ సిమ్ వేసుకుని ఫోనుకు మొత్తం డబ్బు ముందే కట్టి కొనుక్కునే జనం. మొత్తం ధర కట్టిన మనకూ, వాయిదాల మీద కట్టిన అమెరికన్‌కూ ఒకటే అప్‌డేట్ గడువు. ఆ తరవాత మైక్రోమ్యాక్స్, కార్బన్, హైదరాబాదు కంపెనీ సెల్‌కాన్ వంటివి చవక ఆండ్రాయిడ్ ఫోన్లతో మార్కెట్టును నింపిన కాలంలో ఆ మాత్రం గడువు కూడా చాలా ఫోన్లకు దక్కలేదు. డబ్బా తెరిచినప్పుడున్న వెర్షనే చివరిదాకా ఉండేది. ఈ లోటు పూడ్చడానికే గూగుల్ 2014 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆండ్రాయిడ్ వన్ మొదలుపెట్టింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలతో, 6,399 రూపాయల ధర నుంచి, ఒకే మీడియాటెక్ చిప్‌తో, రెండేళ్ల అప్‌డేట్ల హామీతో. ఆ ఫోన్లు ఆండ్రాయిడ్ 6.0 వరకు వచ్చాయి, అంటే మాట నిలబడింది. అమ్మకాల్లో అనుకున్నంత ఊపు లేకపోయినా, ఆరువేల ఫోనుకు కూడా అప్‌డేట్లు పంపవచ్చని రుజువైంది. ఒకే చిప్, దగ్గరి దగ్గరి డిజైను, కోడ్ బాధ్యత ఒక చోట. ఇంతే దాని రహస్యం. మరుసటి ఏడు శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు బిగించడం మొదలైంది. బిగింపు మన గడ్డకు వచ్చింది, సాఫ్ట్‌వేర్ గడువు నిర్ణయం మాత్రం రాలేదు.

అప్‌డేట్ అంటే కొత్త హంగులన్న అభిప్రాయాన్ని మార్చింది 2015 జూలై. జింపీరియం అనే భద్రతా సంస్థలో పనిచేసే జాషువా డ్రేక్ ఆండ్రాయిడ్‌లోని స్టేజ్‌ఫ్రైట్ అనే భాగంలో లోపాలు బయటపెట్టాడు. వీడియో, ఆడియో నడిపే భాగమది. కేవలం ఒక ఎమ్మెమ్మెస్ పంపి, తెరవకుండానే, ఫోనులోకి చొరబడవచ్చు. 95 కోట్ల ఫోన్లు ఆ ప్రమాదంలో ఉన్నాయని ఆ సంస్థ అంచనా. కొన్ని రోజుల్లోనే, ఆగస్టు 5న, గూగుల్, శాంసంగ్ నెలనెలా భద్రతా ప్యాచ్‌లు ఇస్తామని ప్రకటించాయి. కొత్త వెర్షన్ ఒక సంగతి, కన్నాలు పూడ్చడం ఇంకో సంగతి అన్న విభజన అక్కడ స్థిరపడింది. నెక్సస్ ఫోన్లకు గూగుల్ ఆ రోజు రాసిన షరతు చాలామంది చూడకుండా వదిలేసినా, నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అతి విలువైన వాక్యం అదే: పెద్ద వెర్షన్లు రెండేళ్లు; భద్రతా ప్యాచ్‌లు మొదట దొరికిన నాటి నుంచి మూడేళ్లు, లేదా గూగుల్ స్టోర్‌లో చివరి అమ్మకం నుంచి పద్దెనిమిది నెలలు, రెండిటిలో ఏది ఎక్కువైతే అది. అమ్మడం మానిన రోజు నుంచి లెక్కపెట్టడం అసాధ్యం కాదని గూగుల్ తన కాగితం మీద తానే ఒప్పుకుంది. ఆ తరవాత ఈ వ్యాపారం ఏళ్లు పెంచుతూ పోయింది గానీ ఆ రెండో సగాన్ని మరిచిపోయింది.

మరిచిపోవడం ఎవరికి లాభమో హాలెండ్‌లో నడిచిన ఒక కేసు చెబుతుంది. అక్కడి వినియోగదారుల సంఘం కాన్స్యుమెంటెన్‌బాండ్ 2016లో శాంసంగ్‌ను కోర్టుకు ఈడ్చింది. ఫోను విడుదలైన నాటి నుంచి నాలుగేళ్లు, లేదా కొన్న నాటి నుంచి రెండేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని దాని కోరిక. శాంసంగ్ రెండేళ్లు ఇస్తున్నానంది, కానీ ఫోను మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి. తగాదా అంతా ఆ ఒక్క తేదీ చుట్టూనే. 2018 మే 30న హేగ్ కోర్టు సంఘం వాదనను తోసిపుచ్చింది. భవిష్యత్తులో ఏ లోపం బయటపడుతుందో, అది ఎంత తీవ్రమైనదో ముందే తెలియనప్పుడు కంపెనీని ముందే ఆదేశించలేమంది. చట్టం దృష్టిలో అది సరైన తర్కమే కావచ్చు. అయితే భద్రతా ప్యాచ్ అవసరమే తెలియని ముప్పు కోసం. తెలిసిపోయిన ముప్పుకు మాత్రమే బాధ్యత ఉంటుందంటే, బాధ్యత మొదలయ్యే రోజు ఎప్పటికీ రాదు. కోర్టు తీర్పుతో కాక శాసనంతోనే ఇది తేలాల్సిన విషయమని ఆ కేసు నిరూపించింది.

ఇక సాంకేతికంగా కుదరదన్న వాదన ఎలా కరిగిందో చూద్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని చిన్న కంపెనీ ఫెయిర్‌ఫోన్ 2015 చివర్లో తన రెండో ఫోను తెచ్చింది, ఆండ్రాయిడ్ 5తో. ఆండ్రాయిడ్ 7 వచ్చేసరికి అందులోని స్నాప్‌డ్రాగన్ 801 చిప్‌కు క్వాల్‌కామ్ మద్దతు మానేసింది. పెద్ద కంపెనీలు అక్కడితో చేతులు దులిపేసుకున్నాయి. ఫెయిర్‌ఫోన్ మాత్రం చిప్ కంపెనీ సాయం లేకుండానే ఆ ఫోనును ఆండ్రాయిడ్ 10 దాకా లాక్కొచ్చి 2023 మార్చి వరకు ప్యాచ్‌లు పంపింది, ఏడేళ్లకు పైగా. తరవాతి ఫెయిర్‌ఫోన్ 5లో మామూలు ఫోను చిప్ బదులు, ఎక్కువకాలం మద్దతు దొరుకుతుందని పరిశ్రమల పరికరాల కోసం చేసిన క్వాల్‌కామ్ చిప్‌నే పెట్టుకుంది. అదే క్వాల్‌కామ్, అదే ఇంజనీర్లు, కర్మాగారం యంత్రానికైతే ఎక్కువ కాలం, జేబులో ఫోనుకైతే తక్కువ కాలం! గూగుల్ కూడా ఖాళీగా కూర్చోలేదు. 2017లో ఆండ్రాయిడ్ 8తో ట్రెబుల్ పేరిట ఆపరేటింగ్ సిస్టమ్‌ను, చిప్ డ్రైవర్లను విడదీసే నిర్మాణం తెచ్చింది. 2020 డిసెంబరులో గూగుల్, క్వాల్‌కామ్ కలిసి నాలుగేళ్ల భద్రతా మద్దతు అన్నాయి, 2025 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్లు అన్నాయి. ఈ మధ్యలో 2023 అక్టోబరులో పిక్సెల్ 8కు, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల హామీలు వచ్చాయి. యాపిల్ ముందుగా ఏ అంకే చెప్పకుండానే 2013 సెప్టెంబరులో అమ్మిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో ఒక భద్రతా అప్‌డేట్ పంపింది, తొమ్మిదేళ్లు దాటాక. కంప్యూటర్ల వైపు చూస్తే ఇదంతా కొత్తేమీ కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ దాకా మద్దతు ఇచ్చింది, వందల కంపెనీలు చేసిన యంత్రాలకు నేరుగా.

అయినా ఈ ఏడేళ్ల హామీలను చూసి సమస్య తీరిందనుకోవడానికి లేదు. పిక్సెల్ ఏడేళ్లు అమెరికాలోని గూగుల్ స్టోర్‌లో ఆ ఫోను మొదట దొరికిన రోజు నుంచి లెక్క. పిక్సెల్ 8కు అది 2030 అక్టోబరుతో ముగుస్తుంది. దసరా, దీపావళి సేల్స్‌లో జనం ఎగబడేది సగం ధరకు వచ్చిన నిరుటి, ముందటేటి మోడళ్ల మీదే. ధర తగ్గిందని సంబరపడేవాడికి గడువు కూడా తగ్గిందని ఎవరూ చెప్పరు. ఏడేళ్ల ఫోనైతే ఈ నష్టం భరించవచ్చు. మూడేళ్ల ప్యాచ్‌ల హామీతో వచ్చిన పదివేల ఫోనును రెండేళ్ల తరవాత కొంటే మిగిలేది ఏడాది. మందు అట్ట మీద గడువు తేదీ వేయకుండా అమ్మితే ఊరుకోని చట్టం, బ్యాంకు ఖాతా మొత్తం మోస్తున్న ఫోను విషయంలో నోరెత్తదు.

చవక ఫోన్లకు ఇంతకాలం మద్దతు ఇవ్వమంటే ధర పెరిగి పేదవాడికే దెబ్బ తగులుతుందన్నది బలమైన అభ్యంతరం, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. ప్రతి నెలా ప్రతి మోడల్‌కూ ప్యాచ్ తయారుచేసి పరీక్షించాలంటే ఖర్చే. కానీ ఆ ఖర్చు ఫోను ధరను బట్టి కాక, మోడళ్ల సంఖ్యను బట్టి పెరుగుతుంది. ఒకే చిప్‌ను, ఒకే తెరను కెమెరా చుట్టూ రంగు మార్చి నాలుగు పేర్లతో అమ్మే అలవాటు వల్లే అది కొండంత కనిపిస్తోంది. ఆండ్రాయిడ్ వన్ ఈ సంగతి 2014లోనే చూపించింది. 2024 అక్టోబరులో శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీని ఇండియాలో 18,999 రూపాయలకు తెచ్చి ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. దాని కింది ధరల్లో ఆరు కాకపోయినా ఆ దారిలో నడవడం అసాధ్యం కాదు. గడువు చట్టమైతే కంపెనీలు మోడళ్లు తగ్గించుకుంటాయి. అందువల్ల కొనేవాడికి నష్టం ఏమిటో నాకు బోధపడదు.

పాత ఫోనుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే నత్తనడక నడుస్తుందన్న అభ్యంతరానికి ఆధారాలున్నాయి. 2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఇదే నేరానికి శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు, యాపిల్‌కు మరో అభియోగంతో కలిపి కోటి యూరోలు జరిమానా వేసింది. నోట్ 4, ఐఫోన్ 6 కొన్నవాళ్ల చేత ఆ ఫోన్లు మోయలేని కొత్త సాఫ్ట్‌వేర్ వేయించారని అభియోగం. కన్నాలు పూడ్చే ప్యాచ్‌ను, బరువు పెంచే కొత్త వెర్షన్‌ను వేరుచేసి, మొదటిదాన్ని తప్పనిసరి చేసి రెండోది వాడేవాడి ఇష్టానికి వదిలేస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. పూర్తిగా విడిపోతుందని మాత్రం అనను. ఎందుకంటే కొన్నిసార్లు రక్షణ కొత్త వెర్షన్‌లోనే ఉంటుంది. ఈ-చలాన్, పీఎం కిసాన్, పెళ్లి పత్రిక పేర్లతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లనే చూడండి. వేసుకోగానే అవి యాక్సెసిబిలిటీ అనుమతి అడిగి తెర మీద కనిపించేదంతా చదివేస్తాయి. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చిన యాప్‌లకు ఆ అనుమతి అంత తేలిగ్గా దొరక్కుండా అడ్డం పెట్టింది ఆండ్రాయిడ్ 13. పాత వెర్షన్లలో ఆ అడ్డు లేదు. మన దగ్గర మోసాలన్నీ మాటలతో బోల్తా కొట్టించేవే, ప్యాచ్ ఏం చేస్తుందని పెదవి విరిచేవాళ్లకు జవాబు కూడా ఇందులోనే ఉంది: మాటకు పడిపోయిన మనిషిని కూడా ఫోను ఒక మెట్టు దగ్గర ఆపగలదు, ఆ మెట్టు అందులో ఉంటే.

జనం రెండు మూడేళ్లకే ఫోను మారుస్తున్నారు, ఎవరికోసం ఈ ఏళ్లన్నీ అని ఇంకొక మాట. మారుస్తున్నది మొదట కొన్నవాడు, ఫోను కాదు. అది ఇంట్లో అమ్మ చేతికో, ఊళ్లో నాన్న చేతికో, హైదరాబాదు అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటి చోట రెండో కొనుగోలుదారు చేతికో పోతుంది. గడువు తీరేది సరిగ్గా మోసాలకు తేలిగ్గా దొరికే మనిషి చేతిలో. పైగా ప్యాచ్‌లు ఆగిపోవడంతో కథ ఆగదు. వాట్సాప్ 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత ఫోన్లను వదిలేసింది. యాప్‌లు ఒకటొకటిగా తప్పుకుంటూ పోతాయి, తెర, బ్యాటరీ బాగానే ఉన్న ఫోను చెత్తలో చేరుతుంది.

శాసనాల వైపు చూస్తే దారి పడుతోంది గానీ ఎగుడుదిగుడుగా. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం కనీస గడువు ఎంతో కంపెనీ ప్రకటించి తీరాలంటుంది, ఎంత ఉండాలో చెప్పదు. దాని పుణ్యాన యాపిల్ మొదటిసారి కనీసం ఐదేళ్లని కాగితం మీద రాసింది, అదీ మొదట అమ్మకానికి వచ్చిన తేదీ నుంచే. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి అమలుచేస్తున్న నిబంధన అసలు తేదీని పట్టుకుంది: ఆ మోడల్‌ను మార్కెట్లో పెట్టడం మానిన రోజు నుంచి ఐదేళ్లు. హాలెండ్ సంఘం కోర్టులో పోగొట్టుకున్నది ఇక్కడ గెలిచినట్టే. కానీ వాక్యం మధ్యలో ఒక షరతు దూరింది. అప్‌డేట్లు ఇస్తున్నట్లయితే, వాటిని ఐదేళ్ల పాటు ఉచితంగా ఇవ్వాలట. ఇవ్వకపోతే ఏమిటన్నది తెలివైన వకీలుకు వదిలేశారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2024 సెప్టెంబరులో నియమించిన మరమ్మతు సూచీ కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఫోనుకు మార్కులు వేసే అంశాల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా చేర్చింది, మార్కులు కంపెనీలే వేసుకుని ప్రకటించుకోవాలంది. సూచీ మంచిదే గానీ, ఇన్ని మార్కులంటే ఫోను కొనే రైతుకు ఏమీ తెలియదు. అట్టపెట్టె మీద ధర పక్కనే ఒక నెల, ఒక సంవత్సరం అచ్చువేయిస్తే తెలుస్తుంది. పిక్సెల్ ఫోన్లకు గూగుల్ తన వెబ్‌సైటులో ఆ నెల, ఆ సంవత్సరం ఇప్పటికే రాసి పెడుతోంది. కొత్తగా లెక్కకట్టవలసిందేమీ లేదు, ఆ తేదీని పెట్టె మీదికి తెచ్చి, మోడల్ అమ్ముడవుతున్నంత కాలం దాన్ని ముందుకు జరుపుతూ పోవాలి.